మూతలు లేని నత్తలు

"పావుగంట. డీసీపీ గారు ఫోన్ చేశారు కాబట్టి అదైనా ఇస్తున్నాను," అన్నాడు సీఐ దుర్గారావు, వంటగది తలుపు మీద సీలు తీయిస్తూ.

షిరీన్ తలూపి లోపలికి నడిచింది. వాదించే ఓపిక ఆమెకి లేదు. వారం రోజులుగా పట్టిన ముసురుకి మోకాళ్ళు బిగుసుకుపోయి, రెండు మెట్లెక్కితే మూడో మెట్టు మీద ఆగాల్సి వస్తోంది. పోలీసు క్లూస్ టీమ్‌లో సగం జీవితం గడిపి, బయటికొచ్చి ఓల్డ్ టౌన్లో డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టుకున్నాక, ఆమె దగ్గరికొచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల వాకబులే. ఆ పనే హాయిగా ఉందనుకుంటుండగా, నిన్న పొద్దున్నే చిట్టమ్మ కూతురొచ్చి వాకిట్లో కూర్చుంది. "మా యమ్మని ఒగ్గేదాకా నాను లెగను," అంది. నిజంగానే లేవలేదు.

చిట్టమ్మ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు, గుల్లలు అమ్ముకునే మనిషి. ఆదివారం మధ్యాహ్నం ఈ 'తెరచాప' రెస్టారెంట్‌లో ఇద్దరు భోంచేశారు. ఆటోనగర్‌లో క్రేన్లు అద్దెకి తిప్పే భాగస్వాములు, కామరాజు, ఎల్లారావు. సముద్రపు నత్తల వేపుడు తిన్నారు. సాయంత్రానికి కామరాజు చచ్చిపోయాడు. ఎల్లారావు వాంతులతో ఆస్పత్రిలో చేరాడు. రెస్టారెంట్‌కి ఏడాది పొడుగునా నత్తలిచ్చేది చిట్టమ్మే కాబట్టి, పాడైపోయిన సరుకు అమ్మిందని దుర్గారావు ఆమెని తీసుకెళ్ళి లాకప్‌లో కూర్చోబెట్టాడు.

నిన్న స్టేషన్లో ఊచల అవతల నుంచి చిట్టమ్మ చెప్పింది ఒక్కటే మాట. "బీబమ్మా, ఈ తుపానుకి బోట్లన్నీ కట్టేసున్నాయి. ఏటకి ఎవులెల్లేరు? గుల్లలు నాకెక్కడినుంచొత్తాయి? ఆ సీఐ బావుకి ఎన్నిపాల్లు సెప్పినా ఇనడు."

ఆ మాట షిరీన్ ఇప్పుడు మళ్ళీ ఎత్తింది.

"బోట్లు వెళ్ళలేదు దుర్గారావ్ గారూ. హార్బర్లో ఎవరినడిగినా చెబుతారు."

"ఐసు పెట్టెలో పాతది ఉంటుంది మేడమ్. వేట లేనప్పుడే కదా పాత సరుకు బయటికి తీస్తారు? అందుకే పాడైంది. మీరు చెప్పింది నా కేసుకే బలం."

"సరే. పొద్దున నేను ఆస్పత్రికి వెళ్ళొచ్చాను. కామరాజుని తీసుకొచ్చినప్పుడు డ్యూటీలో ఉన్న డాక్టరు చెప్పాడు. నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమట, కనుపాపలు సూదిమొనంత అయిపోయాయట. పాడైన చేపలు తింటే కడుపు చెడుతుంది. కనుపాపలు అలా అవవు. అది పురుగుమందు చేసే పని."

దుర్గారావు మీసం సవరించుకున్నాడు. "పోస్ట్‌మార్టమ్ రిపోర్టు రానివ్వండి."

"ఎల్లారావు కనుపాపలు మామూలుగానే ఉన్నాయట. వాంతులొక్కటే. ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళకి రెండు రకాల జబ్బేంటి?"

"ఒకాయన ఎక్కువ తిన్నాడు, ఇంకొకాయన తక్కువ తిన్నాడు. ఇందులో డిటెక్టివ్ పనేముంది?" అని నవ్వి, వాచీ చూసుకున్నాడు. "పది నిమిషాలుంది."

ఒకప్పుడు ఈ దుర్గారావే కొత్త ఎస్సైగా ఆమె వెనక వేలిముద్రల బ్రష్షులూ పొడి డబ్బాలూ మోసేవాడు. ఏ కేసైనా రెండో రోజుకల్లా మూసెయ్యాలనే తొందర అతనికి అప్పుడూ ఉండేది. ఆ సంగతి గుర్తు చేయాలని ఆమెకి అనిపించలేదు. గుర్తు చేస్తే మరో రెండు నిమిషాలు పోతాయి.

పోలీసులు వెంటతెచ్చిన వంటమాస్టర్ నరేష్ వంటగదిలో ఓ మూల స్టూలు మీద కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. గడ్డం మాసి, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. సరుకు కొనేదీ అతనే, వండేదీ అతనే. షిరీన్ ఇంకో స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. కూర్చోగానే ప్రాణం లేచొచ్చినట్టయింది. కాసేపలాగే ఉండిపోవాలనిపించింది.

"నత్తలు ఎవరిచ్చారు నరేష్?"

"సిట్టమ్మే మేడమ్. సీఐ గారికి సెప్పేసేను కదా."

"ఎప్పుడిచ్చింది?"

"ఆదివారం పొద్దున్న."

"గుల్లలతోనా, ఒలిచిందా?"

"గుల్లలతోనే. ఎప్పుడూ అలాగే ఇస్తాది."

"ఎలా శుభ్రం చేశావో చెప్పు. మా ఇంట్లో ఎప్పుడూ వండలేదు, నాకు తెలీదు."

పనికి సంబంధించిన మాట రాగానే నరేష్ గొంతు కొంచెం స్థిరపడింది. "ఉడకబెట్టి, పుల్లతో లాగితే వచ్చేస్తాయండి. తర్వాత ఉప్పూ నిమ్మకాయా వేసి జిగురు పోయేదాకా కడగాల. ఈసారి జిగురు ఒక పట్టాన వదల్లేదు. ఎన్ని నీళ్ళు పోసేనో. తోక కోసేసి వేపీడమే."

"తోకలు కోశావా?"

అతను తల దించుకున్నాడు. "కొన్నిటికి కోసేను. గెస్టులు తొందర పెట్టేసేరు."

"మూతలేం చేశావ్?"

నరేష్ తలెత్తాడు. ఒక్క క్షణం అతని చూపు దుర్గారావు వైపు వెళ్ళి తిరిగొచ్చింది. "పారేసేను మేడమ్. చెత్తబుట్టలో."

"ఏం మూతలు?" అన్నాడు దుర్గారావు విసుగ్గా.

"సముద్రపు నత్తకి కాలి మీద గట్టి మూత ఉంటుంది. లోపలికి ముడుచుకున్నాక తలుపు వేసుకున్నట్టు దాన్ని బిగించుకుంటుంది. మా నాన్న అత్తరు కొట్లో ఆ మూతల్ని వేయించి, దంచి, సాంబ్రాణిలో కలిపేవాడు. ఇప్పుడు మా తమ్ముడు గౌస్ కలుపుతున్నాడు. చిట్టమ్మ ప్రతిసారీ ఈ వంటగదికి వచ్చి మూతలు ఏరుకుని మా వాడికి అమ్ముతుంది. అవునా నరేష్?"

నరేష్ స్టూలు మీద వెనక్కి జరిగాడు.

"అంత పనికొచ్చేవాటిని ఈసారి చెత్తలో పారేశావన్న మాట. మంచిదే. దుర్గారావ్ గారూ, ఆదివారం మీరు సీలు వేసిన చెత్త సంచీ ఎక్కడుంది?"

సంచీ ఆ గదిలోనే ఉంది. ల్యాబ్‌కి ఇంకా పంపలేదు. దుర్గారావు గొణుక్కుంటూనే కానిస్టేబుల్ అబ్బులుకి సైగ చేశాడు. సంచీ విప్పగానే గది నిండా కుళ్ళు కంపు లేచింది. అబ్బులు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. షిరీన్ గ్లవ్స్ తొడుక్కుని, నేల మీద పరిచిన ప్లాస్టిక్ పట్టా మీద చెత్తంతా కుమ్మరించి కెలకసాగింది. కొత్తిమీర కాడలు. ఉల్లిపొట్టు. గుట్టగా నిమ్మ తొక్కలు. రొయ్య తలకాయలు. చితికిన గుల్లలు ఓ గిన్నెడు. మూత ఒక్కటి కూడా లేదు.

ఆమె ఒక గుల్ల ముక్క తీసి కిటికీ వెలుతురులో పట్టుకుంది. ముదురు గోధుమ రంగు మీద లేత చారలు. వేళ్ళ మధ్య కొంచెం నొక్కితే కోడిగుడ్డు పెంకులా పుటుక్కుమంది.

"చూశారా? ఇది సముద్రంలో అలలకీ రాళ్ళకీ కొట్టుకుని బతికే గుల్లలా ఉందా?"

దుర్గారావు దగ్గరికొచ్చి చూశాడు.

"ఇవి తోట నత్తలు," అంది షిరీన్. "వాన పడితే మునక్కాయ చెట్లకీ బొప్పాయి మొక్కలకీ పట్టి తినేసే ఆఫ్రికా నత్తలు. వీటికి మూతలుండవు. జిగురు ఒక పట్టాన వదలదు. నరేష్, చిట్టమ్మ నీకేం అపకారం చేసింది నాయనా? ఆమె కూతురు నిన్నటి నుంచి మా వాకిట్లో ముద్ద ముట్టకుండా కూర్చుంది."

నరేష్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఏడుపు మధ్య నుంచి మాటలు ముక్కలుగా వచ్చాయి.

"నాకు తెలవదు మేడమ్... తోట నత్తయితే ఏటి, నత్త నత్తే కదా అనుకున్నాను. మా ఊరి సెరువులో నత్తలు మా అమ్మ వండేది, మేం తినేవోలం. ఏటకి బోట్లెల్లలేదు. గెస్టుకి నత్తల వేపుడే కావాలన్నారు, లేదంటే కుదరదన్నారు. సబ్బవరం అవతల ఒక నర్సరీ ఉంది. అక్కడ కుప్పలుగా ఉన్నాయంటే ఎల్లి ఏరుకొచ్చేను. ముట్టుకున్నా ముడుసుకోలేదు, సులువుగా దొరికేయి. పోలీసులొచ్చేసరికి బయమేసి సిట్టమ్మ పేరు సెప్పేసేను."

ముట్టుకున్నా ముడుచుకోలేదు. ఆ మాట షిరీన్‌కి ముల్లులా తగిలింది. వానలో తిరిగే నత్త ముడుచుకోకుండా ఉండదు. ఒంట్లో శక్తి ఉంటే.

"అక్కడ కుప్పలుగా ఉన్నాయని నీకెవరు చెప్పారు?"

"ఎవులో... తెలిసినోలు."

"ఎవరా తెలిసినవాళ్ళు?"

"వాడి స్టేట్‌మెంట్ మా వాళ్ళు రాసుకుంటారు మేడమ్," అని దుర్గారావు అడ్డం వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. "ముందు ఆ నర్సరీ చూద్దాం. అబ్బులూ, వీడు చెప్పిందంతా రాయించి సంతకం తీసుకో. వెనక జీపులో వీణ్ణి ఎక్కించుకుని సబ్బవరం వచ్చెయ్. ఏరిన చోటు వీడే చూపించాలి."

ఆ ప్రశ్న మరొక్కసారి అడగాల్సిందని షిరీన్‌కి తెలుసు. కాని అప్పటికే దుర్గారావు బయటికి నడుస్తున్నాడు. ఆమె స్టూలు మీద నుంచి లేవడానికే గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

జీపు సబ్బవరం వైపు సాగింది. పెందుర్తి దాటాక దుర్గారావే మొదలెట్టాడు.

"సరే, నత్తల విషయం మీరే గెలిచారు. కాని ఇది ప్రమాదం. ఎవడో తోటమాలి నత్తలకి మందు పెట్టాడు. వీడు వెర్రివాడు, ఏరుకొచ్చి వండేశాడు. పేకాట్లో ముక్క మారినట్టు నా కేసులో ముద్దాయి మారాడు, అంతే."

"కామరాజు విషయంలో మీరు చెప్పింది సరిపోతుంది. మరి ఎల్లారావు సంగతి?"

"మళ్ళీ కనుపాపలేనా?"

"ఉప్పునీళ్ళు తాగినా వాంతులవుతాయి దుర్గారావ్ గారూ."

అతను ఆమె వైపు తిరిగి చూశాడు. "మీరు ఎప్పుడూ ఇంతే. ఉన్నదాంతో సరిపెట్టుకోరు. అందుకే డిపార్ట్‌మెంట్లో మిగల్లేకపోయారు."

ఆమె కళ్ళు మూసుకుంది. తగిలిన మాటే, కాని కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా ముందు రాత్రి నిద్రపోయి ఉండాలి కాబోలు అనుకుంది.

నరేష్ చెప్పిన గుర్తుల్ని బట్టి నర్సరీ దొరకడం కష్టం కాలేదు. మెయిన్ రోడ్డు దిగి మట్టిబాటలో కొంచెం లోపలికి వెళితే, తీగ కంచె, ఇనుప గేటు, దాని వెనక నల్ల సంచుల్లో వరసలుగా మొక్కలు. వాన అప్పుడే కాస్త తెరిపిచ్చింది. గేటు తీసిన తోటమాలి అరవై దాటిన మనిషి. పేరు కోటి. పోలీసు బట్టలు చూడగానే తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

షిరీన్ అతనితో ఏమీ మాట్లాడకుండా నేరుగా బొప్పాయి మొక్కల వైపు నడిచింది. ఆకులు జల్లెడ పట్టినట్టున్నాయి. సిమెంటు కుండీల మీద, నీళ్ళ గొట్టం మీద, కంచె రాళ్ళ మీద ఎక్కడ చూసినా వెండి రంగు జిగురు చారలు. పిడికిలంత నత్తలు అక్కడక్కడా పడి ఉన్నాయి. కొన్ని గుల్లలోంచి సగం బయటికి వచ్చి, నురగ కక్కి, అలాగే బిగుసుకుపోయాయి. కంచె పక్కన ఒక కాకి కాళ్ళు పైకి పెట్టి పడి ఉంది.

ఆమె ఒక చెయ్యి నేల మీద ఆన్చి, నెమ్మదిగా మోకాళ్ళ మీద కూర్చుంది. మొక్కల మధ్య పగిలిన కుండపెంకులు బోర్లించి ఉన్నాయి. ఒక పెంకు ఎత్తింది. కింద వాన తగలకుండా దాచినట్టు నిమ్మకాయంత ఉండ. తవుడుతో చేసింది. ఆమె దాన్ని కవర్లోకి తీసి, ముక్కుకి కొంచెం దూరంగా పట్టుకుని వాసన చూసింది. మొదట బెల్లం. దాని వెనకే, మందు కొట్టిన చేను పక్కన నడుస్తుంటే గొంతులో పట్టుకునే ఘాటు.

"తవుడూ బెల్లమూ పురుగుమందూ," అంది. "బెల్లానికి ఆశపడి రాత్రి వచ్చి తింటాయి. పొద్దుటికి ఇలా కదలలేక పడి ఉంటాయి. నరేష్‌కి సులువుగా దొరికినవి ఇవే. తోకలో పొట్ట ఉంటుంది. వాడు కొన్నిటికి తోకలు కొయ్యలేదు. పొట్టలో మందు పొట్టలోనే వేగింది."

దుర్గారావు ఇంకో పెంకు బూటుతో జరిపి చూశాడు. అక్కడా అలాంటి ఉండే ఉంది. "మందు పెట్టిందెవరు?" అని కోటిని గద్దించాడు.

"నానేనండి బావు," అన్నాడు కోటి. "శనివారం సందేల పెట్టేను. షావుకారు పెట్టమన్నారు. ఈ నత్తలు మొక్క మిగల్నీడం నేదు గదండి."

"మరి ఆదివారం పొద్దున వచ్చినవాణ్ణి ఎందుకు ఏరనిచ్చావ్?" షిరీన్ ఇంకా నేల మీదే కూర్చుని ఉంది. గొంతు పెంచలేదు.

"షావుకారే ఫోన్ సేసేరమ్మా. ఒక కుర్రోడొత్తాడు, నత్తలన్నీ ఏరుకెల్లి దూరంగా పాతేత్తాడు, అడ్డు సెప్పకు అన్నారు. మంచిదే గదా అనుకున్నాను. సచ్చిన నత్తల కంపు బరించలేం గదా."

"మందు పెట్టిన సంగతి ఆ కుర్రాడికి చెప్పావా?"

కోటి తలపాగా గుడ్డని రెండు చేతులతో మెలితిప్పాడు. "సెప్పబోయేనమ్మా. షావుకారొద్దన్నారు. తెలిత్తే బయపడి ఏరడు, ఊరుకో అన్నారు. ఊరుకున్నాను. ఏటైనాదమ్మా?"

"వాటిని వండారు కోటీ. ఒక మనిషి పోయాడు."

కోటి నిలబడ్డ చోటే కూలబడ్డాడు. షిరీన్ చెయ్యి చాచి అతని భుజం మీద వేసింది.

"మీ షావుకారు పేరేంటి?"

"ఎల్లారావు గారమ్మా. ఆటోనగర్లో క్రేన్లున్నాయి. వారికి ఒంట్లో బాగునేదు, ఆస్పత్రిలో ఉన్నారని నిన్ననే తెలిసింది."

దుర్గారావు టోపీ తీసి, నుదురు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"భోజనానికి పిలిచిందీ ఆయనేనా?" అన్నాడు చివరికి.

"ఆయనే అయ్యుంటాడు. కామరాజుకి నత్తల వేపుడంటే ప్రాణమని ఆయనకి తెలిసుంటుంది. అదే కావాలని పట్టుబట్టాడు. లేవంటే ఎక్కడ దొరుకుతాయో కూడా నరేష్‌కి చెప్పాడు. ముందు రోజు మందు పెట్టించాడు. పక్కన కూర్చుని తిన్నట్టు నటించి, వాంతులు చేసుకుని, ఆస్పత్రి మంచం మీద పడుకున్నాడు. ఆ మంచం మీద ఉన్నవాణ్ణి ఎవరు అనుమానిస్తారు? మీరు అనుమానించలేదు. నిన్నటిదాకా నేనూ అనుమానించలేదు."

"ఎందుకు చంపాడు?"

"అది మీరు కనుక్కోండి. నాకు అప్పగించిన పని చిట్టమ్మ వరకే." ఆమె చెయ్యి అందించింది. దుర్గారావు ఒక్క క్షణం తటపటాయించి, ఆ చెయ్యి పట్టుకుని లేపాడు. "ముందు ఆమెని ఇంటికి పంపించండి. ఇప్పుడే. మనం వెనక్కి వెళ్ళాక కాదు."

అతను పక్కకి వెళ్ళి స్టేషన్‌కి ఫోన్ చేశాడు. "చిట్టమ్మని పంపించెయ్. అవును, నేనే చెప్తున్నాను. ఆటోలో ఎక్కించి పంపించు, నడిచి వెళ్ళనివ్వకు." ఫోన్ పెట్టేసి ఆమె వైపు చూడకుండానే అన్నాడు, "ఇందాక జీపులో అన్న మాట... పట్టించుకోకండి."

"నిద్ర పోయాక ఆలోచిస్తాను," అంది షిరీన్.

అతను నవ్వబోయి ఆగిపోయాడు. ఇద్దరికీ ఒకేసారి తోచినట్టుంది. ఎల్లారావు ఆ నత్తల గురించి చెప్పింది ఇద్దరికే, అతని మీద సాక్షులూ ఆ ఇద్దరే. ఒకడు కోటి, ఇదిగో ఇక్కడున్నాడు. రెండోవాడు నరేష్.

"నరేష్ ఎక్కడున్నాడు?" అంది షిరీన్. "ఈపాటికి రావాలి కదా?"

దుర్గారావు అబ్బులుకి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు.

"సార్!" అవతల అబ్బులు గొంతు చాలా ఉత్సాహంగా ఉంది. "స్టేట్‌మెంటు సంతకమైపోయింది సార్. వానకి తడిసి జీపు స్టార్టవ్వనేదు. నాను మెకానిక్కు కోసం ఇక్కడే ఉండిపోనాను."

"మరి నరేష్?"

"కారు పంపేరు గదా సార్? మీరే పంపేరని డ్రైవరు సెప్పేడు. సబ్బవరంలో సీఐ గారు బేగి రమ్మంటన్నారు, వంటమాస్టర్ని ఎక్కించు అన్నాడు. ఎక్కించేసేను."

దుర్గారావు ఫోన్లోకి అరిచాడు. "నేనే కారూ పంపలేదురా!"

షిరీన్ ఫోన్ దగ్గరికి వంగింది. "అబ్బులూ, మేం వచ్చేశాక నరేష్ ఎవరికైనా ఫోన్ చేశాడా?"

"ఒక్కసారి సేసేడు మేడమ్. ఇంటికన్నాడు. పక్కకెల్లి మాట్లాడుకున్నాడు."

"కారులో డ్రైవరు కాక ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎనక సీట్లో ఒక పెద్దమనిషి ఉన్నారు మేడమ్. నీరసంగా జారబడిపోయి ఉన్నారు. సేతి మీద తెల్ల పట్టీ ఉంది, ఆస్పత్రిలో సెలైను ఎక్కించిన సోట అంటిస్తారు సూడండి, అలాంటిది. నరేష్ ఆరిని సూసి దండం పెట్టి మరీ ఎక్కేడు. తెలిసినోలే అనుకున్నాను."

దుర్గారావు ఫోన్ ఆమె చేతిలో పెట్టి జీపు వైపు పరిగెత్తాడు. షిరీన్ గేటు పట్టుకుని బయటికి చూసింది. మట్టిబాట మెయిన్ రోడ్డు దాకా ఖాళీగా ఉంది. బురదలో వాళ్ళ జీపు టైర్ల గుర్తులు తప్ప ఇంకే గుర్తులూ లేవు.

"బయల్దేరి గంట దాటిపోనాది," అన్నాడు ఫోన్లో అబ్బులు. "ఇంకా రానేదేటి మేడమ్?"